ఎడమ హెడ్‌లైటుకు ముగ్గురు ఎలక్ట్రీషియన్లు

మా కారుకు పదిహేనేళ్లు నిండబోతున్న నెలలో దాని ఎడమ హెడ్‌లైటు తన ఇష్టం వచ్చినట్టు నడుచుకోవడం మొదలుపెట్టింది. ఎడమ ఇండికేటరు వేస్తే దాంతోపాటు తనూ వెలిగి ఆరేది. హారన్ కొడితే మసకబారేది. ఆ హారన్ కూడా గొంతు పట్టేసిన కోడిపుంజులా మోగేది. కుడివైపు లైటుకు మాత్రం ఏ రోగమూ లేదు. పక్కన ఇంత గొడవ జరుగుతున్నా తనకేమీ పట్టనట్టు నిండుగా వెలిగేది.

మామూలు రోజుల్లో అయితే మదనపల్లెలో ఇదొక సమస్యే కాదు. మా రోడ్ల మీద ఇండికేటరు మాటను ఎవరూ నమ్మరు. ముందు పోయే లారీ కుడి ఇండికేటరు వేసిందంటే కుడికి తిరుగుతానని కావచ్చు, నన్ను దాటుకుని పొమ్మని కావచ్చు, పొద్దున పలమనేరులో తిరిగినప్పుడు వేసింది ఆపడం మరిచిపోయి ఉండవచ్చు. ఆటోలకైతే డ్రైవరు బయటికి చాపే కాలే ఇండికేటరు. అందువల్ల మా కారు లైటు వెలిగి ఆరుతూ పోతుంటే ఎదురొచ్చేవాళ్లు పెళ్లికారేమో అనుకుని దారి ఇచ్చేవాళ్లు.

కానీ పదిహేనేళ్లు నిండిన కారు ఇంకా రోడ్డు మీద తిరగాలంటే రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలి. దానికి ముందు బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు బండి చూపించాలి. ఆయన ఉద్యోగం పేరు అది కాదు. ఆయన చూసేది బ్రేకులు ఒక్కటే కూడా కాదు. అయినా మా వైపు ఆ పేరే స్థిరపడింది.

కారు నా పేరున ఉంది గానీ నడిపేది మా ఆవిడ. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. వారానికి మూడు రోజులు ఊళ్లలో మంచం పట్టినవాళ్ల ఇళ్లకు పోయి పుండ్లు కడిగి కట్లు మారుస్తుంది. పెద్దతిప్పసముద్రం వైపు కొన్ని ఊళ్లకు బస్సు దిగి చాలా దూరం నడవాలి. ఆమె మోకాళ్లు అంత దూరానికి ఒప్పుకోవడం మానేసి రెండేళ్లయింది. కాబట్టి కారు లేదంటే ఆమె పని లేదు, ఆ మంచాల మీద ఉన్నవాళ్లకు కట్టు మార్చే మనిషీ లేదు. నేను పేపరులో జిల్లా పేజీకి వార్తలు రాసి రిటైరయినవాణ్ణి. కారులో నా స్థానం ఎడమ సీటు. అద్దంలో చూసి ఎవరైనా వస్తున్నారేమో చెప్పడం నా బాధ్యత. నేను చెప్పాక ఆమె మళ్లీ ఒకసారి చూసుకునేది.

మొదటిసారి ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"లైటు వెయ్యండమ్మా."

వేసింది.

"ఎడమ వెయ్యండి."

వేసింది. హెడ్‌లైటు, ఇండికేటరు రెండూ కలిసి మినుకు మినుకుమన్నాయి.

"హారన్."

కారు మూలిగింది. లైటు మసకబారింది.

ఇన్‌స్పెక్టరు వంగి దాన్ని దగ్గరగా చూశాడు. "ఇదేందమ్మా, తిరనాళ్లలో సీరియల్ బల్బులు పెట్టినట్టుండాది? సరిచేయించుకుని రాండి" అని, పది రోజుల తర్వాత ఒక సోమవారం రమ్మన్నాడు. పాత కాగితం గడువు కూడా ఆ సోమవారంతోనే తీరుతుంది. ఆ రోజు దాటితే కారు మా ఇంటి ముందు నిలబెట్టిన ఇనుప బీరువాతో సమానం.

బయట టీ అంగడి దగ్గర సలహాలు చెప్పే ఒక ఆసామి ఉన్నాడు. ఆయనకు అక్కడ ఏ ఉద్యోగమూ లేదు. అందువల్ల సెలవులు కూడా లేవు.

"దానికి యాల సార్ అంత తిరుగుడు? మీ బండీ నా బండీ ఒకటే మాడలు. నా లైట్లు విప్పిస్తా. ఆ దినానికి తగిలించుకోండి. పనైపోయినాక నావి నాకిచ్చేయండి" అన్నాడు.

నేను ఆలోచనలో పడ్డాను. మా ఆవిడ పడలేదు. "రోగం ఒకరిది, పరీక్షకు రక్తం ఇంకొకరిదా అప్పా?" అంది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "సిస్టరమ్మతో కష్టం సార్" అని నాతో సానుభూతిగా అన్నాడు.

మదనపల్లెలో మేము మొదట పోయింది మా చర్చిలో తబలా వాయించే ఎలక్ట్రీషియన్ దగ్గరికి. మనవాడు, మోసం చెయ్యడు అనే ధైర్యం. మోసం చెయ్యలేదు కూడా. ఆయన చేసిందంతా నిజాయితీగా, నమ్మకంతోనే చేశాడు.

బానెట్ ఎత్తగానే ఆయనకు మొదట కనిపించింది దిష్టితాడు. నల్లతాడు, ఎండిన నిమ్మకాయ, మిరపకాయలు, ఒక గవ్వ, ఒక పటిక ముక్క. ఆ తాడు మా కారులోకి ఎలా వచ్చిందో ఇక్కడ చెప్పాలి. మా పక్కింటాయనకు రెండు లారీలున్నాయి. పోయిన ఆయుధపూజ నాడు ఆయన తన బండ్లకు పూజ చేసుకుని, గోడ ఇవతల మా కారు బొట్టు లేకుండా నిలబడి ఉండటం చూసి జాలిపడ్డాడు. "మీకు మీ దేవుడుండాడు, నేను కాదనడంలేదక్కా. బండికి ఎవురుండారు?" అని మా ఆవిడను అడిగాడు. ఆయన కారుకు గంధం పూసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, చివరికి ఈ తాడు తెచ్చాడు. బయట కడితే ఎవరైనా తెంపుకుపోతారని బానెట్ లోపల, ఎడమ లైటు వెనక ఒక బోల్టు వదులుచేసి, పటిక ముక్క పైన ఉండేలా తాడు దానికి చుట్టి, మళ్లీ బిగించి, మిగతాది కిందికి వేలాడదీశాడు. పటిక దిష్టిని పీల్చుకుంటుందని, అది కరిగే కొద్దీ దిష్టి పోతున్నట్టు లెక్క అని వివరించాడు.

తర్వాత ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు కారు ముందు జాలీలోంచి దాన్ని చూశారు. చూసి, ఎండలు బాగా ఉన్నాయన్నారు. ఆయన తన కారును ఆ రోజు మా వీధి చివరన ఎందుకు నిలిపారో, దాని బానెట్ కింద ఏముందో నేను పోయి చూడలేదు.

ఇక నేనైతే పేపరులో ఉన్నప్పుడు మూఢనమ్మకాల మీద వరుసగా వ్యాసాలు రాసినవాణ్ణి. నిమ్మకాయలు మిరపకాయలు వంటింటి సరుకులని, వాటికి ట్రాఫిక్‌తో సంబంధం లేదని పెద్ద అక్షరాల్లో రాశాను. కానీ ఆ తాడు చూసి, పక్కింటివాళ్ల మనసు నొప్పించడం ఎందుకులే అనుకున్నాను. వ్యాసాలు రాసేటప్పుడు ఈ వాక్యం నాకు తట్టి ఉంటే వాటిలో సగం రాసే పని తప్పేది.

మా తబలా ఎలక్ట్రీషియన్ ఆ తాడును రెండు వేళ్లతో, పసిబిడ్డ చేతిని జరిపినట్టు, పక్కకు జరిపాడు.

"తీసేద్దామా?" అన్నాను.

"వద్దన్నా. కట్టినంక తీయకూడదు. మనం నమ్మంలే, అయినా ఎందుకు?" అన్నాడు.

ఆయన నిర్ణయం బ్యాటరీ. పాతదైపోయింది, శక్తి చాలక అటూ ఇటూ పంచుకుంటోంది అని చెప్పాడు. కొత్త బ్యాటరీ పెట్టాడు. లైటు వేయమన్నాడు. కుడి లైటు ఎదుటి గోడ మీద మధ్యాహ్నపు ఎండలో కూడా తెల్లగా పడింది.

"సూడన్నా, యేం వెలుగో!"

"అది కుడిది కదప్పా" అంది మా ఆవిడ.

"కుడిది ఇంత బాగొచ్చిందంటే ఎడమది కూడా దార్లో పడతాది సిస్టరమ్మా. రెండు దినాలు తిప్పండి."

రెండు రోజులు తిప్పాం. దారిలో పడలేదు. పైగా కొత్త బ్యాటరీ బలం వచ్చినందువల్ల ఎడమది ఇంకా ఉత్సాహంగా ఆరి వెలిగేది.

పుంగనూరు పొమ్మన్నది మా పక్కింటాయన. ఆయన లారీలు అక్కడే చూపిస్తాడు. ఆ షెడ్డు పెద్దది, ముందు రంగుల బోర్డు, లోపల ఒక కంప్యూటరు. పుంగనూరు ఎలక్ట్రీషియన్‌కు నలభై ఏళ్లుంటాయి. చొక్కా మీద మరక లేదు. స్టీరింగు కింద ఒక తీగ గుచ్చి, కంప్యూటరు తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. మేమూ చూస్తూ నిలబడ్డాం. తెర మీద పచ్చరంగు గుర్తులు వరుసగా వచ్చాయి.

"మీ బండికి ఏమీ లేదు సార్. అంతా పచ్చ."

"లైటు చూడండప్పా" అంది మా ఆవిడ.

"కంప్యూటరులో ఏ తప్పూ రాలేదు మేడం."

"కంప్యూటరును కాదు, లైటును చూడండి."

ఆయన ఇష్టం లేకుండా లేచి, కారు ముందుకు వచ్చి, చూశాడు. ఎడమది వెలిగి ఆరుతోంది. మళ్లీ పోయి తెర చూశాడు. పచ్చగానే ఉంది. ఆ రెంటిలో దేన్ని నమ్మాలో ఆయనకు చాలాసేపు తేలలేదు. ఒకే సంఘటన గురించి అధికారుల ప్రకటన ఒక రకంగా, వీధిలో కనిపించేది ఇంకో రకంగా ఉన్నప్పుడు నేనూ చాలాసార్లు అలాగే నిలబడ్డాను. చివరికి ప్రకటననే వేసేవాళ్లం.

కారు అక్కడ రెండు రోజులుంది. ఆయన రిలే మార్చాడు, స్టీరింగు దగ్గర ఇండికేటరు పుల్ల మార్చాడు, బల్బు మార్చాడు. హెడ్‌లైటు మొత్తం ఊడబెరికి బయట పెట్టాడు. దాని వెనకే ఉన్న తాడును మాత్రం వేలితో తాకి కళ్లకద్దుకుని, దాని చుట్టూ పనిచేశాడు. మేము తీసుకోవడానికి పోయేసరికి ఎడమ లైటు కొత్త బల్బు పుణ్యమా అని నీలంగా ఆరి వెలుగుతోంది.

"రంగు మారింది" అన్నాను.

"మార్పొచ్చింది కదా సార్. అంటే మనం దగ్గరికొచ్చినట్టే. ఇంక వైరింగ్ మొత్తం పీకి కొత్తది వేస్తే సరిపోతాది. పది దినాలు పడతాది."

పది రోజులు లేవు. ఆ వేళకు శుక్రవారం. పెద్దతిప్పసముద్రం వైపు మా ఆవిడ చూసే ఒక అవ్వకు బుధవారం మార్చాల్సిన కట్టు అలాగే ఉంది. ఆమె కోడలు పొద్దుననే ఫోను చేసి, కట్టు తడిసి వాసన వస్తోందని చెప్పింది. మా ఆవిడ ఫోనులోనే ఎలా శుభ్రం చేయాలో చెప్పింది గానీ, ఆ పిల్లకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయని మా ఇద్దరికీ తెలుసు.

మా ఆవిడ ఆ ఎలక్ట్రీషియన్ ఎదురుగా ఒక స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండప్పా. మీ సొంత బండికి ఇట్లాంటిదొస్తే యాడికి పోతారు?"

ఆస్పత్రిలో డాక్టర్లను కూడా ఆమె ఇదే అడిగేది. మీ అమ్మకైతే ఏ డాక్టరుకు చూపిస్తారు అని. ఆ మనిషి కంప్యూటరు వైపు చూశాడు, బోర్డు వైపు చూశాడు, షెడ్డులో ఇంకెవరూ లేరని చూసుకున్నాడు.

"కుప్పంలో నాకు పని నేర్పిన ముసలాయన ఉండాడు మేడం" అన్నాడు మెల్లగా. "నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దండి. పదేండ్లుగా మాటల్లేవు."

శనివారం పొద్దున్నే బయలుదేరాం. పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి పదయింది. ఎడమకు తిరగాల్సిన ప్రతి చోటా ఇండికేటరు వేయకుండా నేను కిటికీలోంచి చెయ్యి చాపాను. వెనక వచ్చేవాళ్లు దాన్ని అర్థం చేసుకున్నారు.

కుప్పం ముసలాయన షెడ్డుకు బోర్డు లేదు, కంప్యూటరు లేదు. రేకుల కింద ఒక బల్ల, దాని మీద ఒక బల్బు, బల్బుకు రెండు వైర్లు. పరికరాలన్నీ కలిపి అంతే. తెలుగులో మొదలుపెట్టిన మాటను తమిళంలో సాగదీసి, మధ్యలో కన్నడం కలిపి ముగించేవాడు. ఆయన బానెట్ ఎత్తలేదు. మొదట మా ఆవిడను అడిగాడు.

"ఎప్పుట్నించి ఇట్లుండాది తల్లీ?"

ఆమె ముఖం వెలిగింది. రెండు ఊళ్లలో ఇన్ని రోజులు తిరిగితే ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. ఆమె కేసు షీటు చదివినట్టు చెప్పింది. దసరా దాకా బాగుంది. వానలు మొదలైనాక ముందు హారన్ గొంతు మారింది. తర్వాత లైటు మసకబారింది. ఆ తర్వాత ఇండికేటరుతో కలిసి ఆరడం మొదలైంది. కుడివైపు ఎప్పుడూ ఏమీ లేదు.

"వానలు పడినాకనా? సరి, సరి" అన్నాడు.

బానెట్ ఎత్తాడు. ఒక పొడవాటి వైరు తీసుకుని, ఒక కొన బ్యాటరీకి నల్లతీగ వైపు తగిలించి, రెండో కొన ఎడమ లైటు వెనక ఆనించాడు. లైటు వేయమన్నాడు. ఎడమ హెడ్‌లైటు నిండుగా, కదలకుండా వెలిగింది. ఇండికేటరు వేయమన్నాడు. హెడ్‌లైటు దాని జోలికి పోలేదు. హారన్ కొట్టమన్నాడు. పక్క షెడ్డులో టైరు మారుస్తున్న మనిషి ఎగిరిపడ్డాడు. ముసలాయన వైరు తీసేశాడు. వెంటనే పాత రోగం.

"కరెంటు పొయ్యేదానికి దోవ ఉండాది తల్లీ. తిరిగొచ్చేదానికి లేదు. ఎర్త్ పోయిండాది. అందుకే పక్కోళ్ల దోవలో దూరతాండాది. లైటు కరెంటు ఇండికేటరులో, హారన్ కరెంటు లైటులో." ఆయన నల్లవైరు వెంట వేలు పోనిచ్చాడు. వేలు పోయిపోయి ఆ దిష్టితాడు దగ్గర ఆగింది. తాడు చుట్టిన బోల్టు మీద ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా, పచ్చగా ఉంది. వానకు కరిగిన పటిక ఆరు నెలలుగా బొట్టుబొట్టుగా ఆ బోల్టులోకే దిగింది. లైటు, ఇండికేటరు, హారన్ మూడింటి కరెంటూ తిరిగొచ్చే దోవ ఆ బోల్టే.

"అయితే విప్పండి" అన్నాను.

ముసలాయన చేతులు తుడుచుకున్నాడు. "దీన్ని తీస్తే నేను బాగుచేస్తా. తీసేది మాత్రం నేను కాదు సార్. మీ బండి, మీరు తీయండి."

"మీరు నమ్ముతారా?"

"నమ్మేది లేదు. ముప్పై ఏండ్లుగా ఎవురి బండి తాడూ నేను తెంపలేదు, అంతే."

స్పానరు నాకిచ్చాడు. నేను దాన్ని తీసుకుని, బోల్టు వైపు చూశాను. మూఢనమ్మకాల మీద వరుసగా వ్యాసాలు రాసిన చెయ్యి అది. అప్పుడే గుర్తొచ్చిందేమంటే మేము ఇంకా అడవి దారి దాటి ఇంటికి పోవాలి. తాడు పక్కింటాయనది కదా, ఆయన్ను ఒక మాట అడిగి తీస్తే బాగుంటుందేమో, ఫోను చేద్దామా అన్నాను.

మా ఆవిడ వెనక సీటు మీది స్టీలు డబ్బా తెరిచి, కట్లు కత్తిరించే వంకర కత్తెర తెచ్చి, ఒక్క కత్తిరింపుతో తాడు తెంపి, నిమ్మకాయతో సహా కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. తర్వాత కత్తెరను స్పిరిట్‌తో తుడిచింది.

"పుండు మీద పెచ్చు అట్లే ఉంచి పైన ఎంత మందు రాసినా లాభం లేదు" అని ముసలాయనతో అంది.

"అంతే తల్లీ" అన్నాడాయన, ఒక వైద్యుడు ఇంకో వైద్యుడితో అన్నట్టు. బోల్టు ఊడదీసి, ఉప్పుకాగితంతో ఇనుము తళతళలాడేదాకా రుద్ది, పటిక తినేసిన వైరు కొన కోసి కొత్త రింగు వేసి బిగించాడు. టీ చల్లారేలోపు పని అయిపోయింది. మేము బయలుదేరేటప్పుడు మా ఆవిడను అడిగాడు. "నన్ను చూపించింది ఎవురు?" ఆమె స్టీలు డబ్బా మూత బిగించడంలో పడింది. "పుంగనూరులో కంప్యూటరు పెట్టుకోనుండాడే, వాడేనా?" అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయాడు. నవ్వాడో లేదో కనిపించలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి పక్కింటాయన మా గేటు దగ్గరే ఉన్నాడు. కారు ఆగగానే ముందు జాలీలోంచి లోపలికి తొంగి చూశాడు.

"తాడు యాడక్కా?"

ఊడిపోయిందని చెబుదామని నేను నోరు తెరిచాను. మా ఆవిడ అంతలోనే ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. పటిక కరిగి బోల్టును తినేసిందని, ఎలక్ట్రీషియన్లు ముగ్గురిలో ఒక్కరూ తాడును తెంపలేదని చెప్పింది. ఆయన బాధపడతాడనుకున్నాను. ఆయన గోడ అవతలికి పోయి, తన లారీ ముందు వంగి లోపలికి చూశాడు.

"అక్కా," అని అక్కడి నుంచే కేకేశాడు, "రెండు నెలలుగా డ్రైవరును తిడతాండానే, లైటు మసగ్గా ఉంటే చూసుకోలేదని!"

అయినా ఓ గంటకు కొత్త తాడుతోనే వచ్చాడు. మా ఆవిడ చూసి, "ఆ పటిక తీసేయప్పా. కట్టాలంటే ఈ ప్లాస్టిక్ జాలీకి కట్టు. ఇనుము జోలికి మాత్రం పోవద్దు" అంది. ఆయన ఒప్పుకున్నాడు. పటిక లేకుండా దిష్టి ఎక్కడికి పోతుందని నేను అడగబోయాను గానీ, ఆ చర్చ అప్పటికే నా చేయి దాటిపోయింది.

సోమవారం ఇన్‌స్పెక్టరు మళ్లీ అదే వరుసలో అడిగాడు. లైటు. ఎడమ. హారన్. ఎడమది వెలగాల్సినంతే వెలిగింది, ఆరాల్సినప్పుడే ఆరింది. ఆయనకు కొంచెం నిరాశ కలిగినట్టు తోచింది. కిటికీలోంచి వెనక సీటు వైపు చూశాడు.

"ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉండాదా?"

మా ఆవిడ స్టీలు డబ్బా మూత తీసింది. గాజుగుడ్డ కట్టలు, స్పిరిట్, అయొడిన్, చేతితొడుగులు, మూడు రకాల కత్తెరలు, చిమటాలు. ఇన్‌స్పెక్టరు తన చేతిలోని కాగితం మీద ఒక గడి నింపి, "చాలమ్మా, చాలు" అన్నాడు.

అక్కడి నుంచి ఆమె ఇంటికి పోలేదు. అంగళ్లు ఊరు దాటి, తిన్నగా పెద్దతిప్పసముద్రం రోడ్డు పట్టింది. అవ్వ ఇంట్లో మంచం గది చివర ఉంది. మమ్మల్ని చూడగానే అవ్వ అటు తిరిగి పడుకుంది.

"వారమాయె, యాడికి పోయినావమ్మా?"

"బండికి ఒంట్లో బాగలేదవ్వా."

"దానికి బాగైనాక నేను గుర్తొచ్చినానా?"

మా ఆవిడ చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, పాత కట్టు విప్పింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. వాసన వచ్చింది. అవ్వ కోడలు కళ్లు మూసుకుంది. మా ఆవిడ వంగి పుండును ఒక పక్క నుంచి, ఇంకో పక్క నుంచి చూసింది. ముఖంలో ఏమీ తెలియలేదు.

"ఎట్లుంది?" అన్నాను.

"లోతుకు పోలేదు. అంచు కొంచెం పెరిగింది. రేపు మళ్లీ రావాలి, ఎల్లుండి కూడా" అంది తలెత్తకుండా. తర్వాత, "కాస్త పక్కకు జరగండి. వెలుతురుకు అడ్డం నిలబడ్డారు" అంది.